అడుగు నీటి లెక్కలు

సముద్రపు నీటిలో రేడియోధార్మిక మూలకాలను కొలవడమే వృత్తిగా బతికినవాణ్ణి. రిటైరైనా విశాఖలో మా ఇంటికి పరిశోధక విద్యార్థులు వస్తూనే ఉంటారు. వాళ్ళు ఎక్కువగా పరికరాల గురించి అడుగుతారు. నేను మాత్రం ముందు ప్రశ్నను సరిచెయ్యమంటాను. "ఈ నీటిలో రేడియేషన్ ఉందా?" అని అడిగితే జవాబు ఎప్పుడూ ఒకటే: ఉంది, ప్రతి సముద్రంలోనూ ఉంది. ఏ మూలకం, ఏ నీరు, ఎంత కాలం అనే మూడింటినీ కలిపి అడిగినప్పుడే జవాబుకు అర్థం ఉంటుంది. ఈ సంగతి నాకు బాగా బోధపడింది చుట్టూ నేల ఉండి, సన్నటి జలసంధులే దారిగా మిగిలిన సముద్రాల వల్ల. నల్ల సముద్రం, మధ్యధరా, బాల్టిక్, జపాన్ సముద్రం అలాంటివి. వాటి నుంచి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు గడప లోతు చూడండి

జలసంధి అడుగున నేల ఎత్తుగా లేచే చోటు ఒకటుంటుంది. అదే ఆ సముద్రానికి గడప. లోపల ఎంత లోతున్నా, బయటి నీటితో రాకపోకలన్నీ ఆ గడప మీదుగానే సాగాలి.

నల్ల సముద్రం గరిష్ఠ లోతు 2,200 మీటర్ల పైచిలుకు. దాన్ని మర్మరా సముద్రంతో, దాని మీదుగా మధ్యధరాతో కలిపే బాస్ఫరస్‌లో గడప లోతు సుమారు 35 మీటర్లే. డాన్యూబ్, నీపర్, నీస్టర్ నదుల మంచినీరు వచ్చి పడుతుంది కాబట్టి పై నీటిలో ఉప్పు కిలోకు 18 గ్రాముల దగ్గర ఉంటుంది. మధ్యధరా నుంచి గడప దాటి జారిన ఉప్పునీటి వల్ల అడుగున అది 22 గ్రాముల పైన ఉంటుంది. తేలిక నీరు పైన, బరువు నీరు కింద. చలికాలపు గాలులు ఎంత గట్టిగా వీచినా ఆ రెండూ కలవవు. పై నుంచి రాలే జీవపదార్థం కుళ్ళుతూ కింద ఉన్న ఆక్సిజన్‌ను ఏనాడో తినేసింది. సుమారు 100 నుంచి 200 మీటర్ల లోతు దాటితే ఆక్సిజన్ ఉండదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. ఆ సముద్రపు నీటిలో దాదాపు తొంభై శాతం ఈ స్థితిలోనే ఉంది. లోతు నుంచి తెచ్చిన సీసా మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన డెక్ అంతా కమ్మేస్తుంది. మొదటిసారి ఓడ ఎక్కినవాళ్ళకు ఆ నీటి సంగతి ఏ గ్రాఫూ అంత త్వరగా చెప్పలేదు.

మధ్యధరా కూడా ఇరుకు దారి సముద్రమే. జిబ్రాల్టర్ దగ్గర గడప సుమారు 300 మీటర్లు. అయినా అది ఊపిరి పీలుస్తుంది. అక్కడ ఎండకు ఆవిరయ్యే నీరు నదులూ వానలూ తెచ్చే నీటికన్నా ఎక్కువ కాబట్టి పై నీరే ఉప్పెక్కి బరువవుతుంది. ఫ్రాన్సుకు దక్షిణాన లయన్ సింధుశాఖలోనూ, ఏడ్రియాటిక్‌లోనూ చలికాలపు పొడిగాలులు దాన్ని చల్లబరిస్తే అడుగుదాకా దిగిపోతుంది, తనతోపాటు ఆక్సిజన్‌నూ తీసుకుపోతుంది. అందుకే రెండింటినీ ఒకే గాట కట్టకూడదు. ఒక సముద్రంలో కొలిచి రెండోదాని గురించి రాసిన పరిశోధన వ్యాసాలు నేను చదివాను. వాటి మీద ఖర్చయిన శ్రమ చూస్తే బాధేస్తుంది.

2. మూలకం పేరు అడగండి

సీజియం సముద్రపు నీటిలో కరిగి ఉంటుంది, నీరు ఎటు పోతే అటు పోతుంది. స్ట్రాన్షియం కూడా అంతే. థోరియం, ప్లూటోనియం అలా కాదు. ఏ మట్టి రేణువో, ఏ చచ్చిన ప్లవక జీవో దొరికితే చాలు, దానికి అంటుకుని కిందికి దిగిపోతాయి. ఒకే ప్రమాదంలో, ఒకే రోజున గాలిలోకి లేచిన రెండు మూలకాలు సముద్రంలో పడ్డాక మళ్ళీ కలుసుకోకపోవచ్చు.

చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత నీపర్ నది దీన్ని పాఠంలా చూపించింది. మంచినీటిలో సీజియం బంకమట్టి రేణువులను గట్టిగా పట్టుకుంటుంది. దాంతో కీవ్ జలాశయం లాంటి చోట్ల బురదలోనే చాలావరకు ఆగిపోయింది. స్ట్రాన్షియం-90 మాత్రం కరిగి ఉండి, ఆనకట్టల వరస దాటుకుని నల్ల సముద్రం దాకా వచ్చింది. అందువల్ల ఆ సముద్రంలోకి సీజియం ప్రధానంగా ఆకాశం నుంచి కొద్ది రోజుల్లో వచ్చిపడితే, నది దారిన ఏళ్ళ తరబడి చేరుతూ వచ్చింది స్ట్రాన్షియం. "చెర్నోబిల్ రేడియేషన్" అని ఒక్కమాటలో రాసిన నివేదికలో ఈ తేడా కనబడదు. చేపలు పట్టుకునేవాడికీ, ఆ నదినీళ్ళతో పొలం తడుపుకునేవాడికీ కావలసింది ఆ తేడానే.

3. నీటి దారి వేరు, రేణువు దారి వేరు

ఈ పాఠం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉంటాను. నా తరం సముద్ర రసాయన శాస్త్రవేత్తలు చూసినవాటిలో ఇంతకన్నా పెద్దది లేదు.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. అప్పటికి మధ్యధరాలో, కార్సికా దీవికి దగ్గర, 200 మీటర్ల లోతులో ఒక అవక్షేప ఉచ్చు వేలాడుతూ ఉంది. పైనుంచి రాలే రేణువులను ఒక్కో కాలవ్యవధికి ఒక్కో గిన్నెలో విడివిడిగా పట్టే గరాటు అది. ప్రమాదం కోసం వేసింది కాదు, మొనాకోలో స్కాట్ ఫౌలర్ బృందం తమ మామూలు పని కోసం ముందే వేసుకుంది. మే మొదటి వారంలో మేఘం ఆ ప్రాంతం మీదుగా పోయింది. కొద్ది రోజులకే 200 మీటర్ల కింద ఉచ్చులో చెర్నోబిల్ మూలకాలు పడ్డాయి. వాటిని అంత త్వరగా తెచ్చినవి కోపీపాడ్లు. కంటికి సరిగా ఆనని ఆ చిన్న జీవులు పై నీటిలో రేణువులను మేసి, వాటిని బిగువైన మలగుళికలుగా విసర్జిస్తాయి. గుళిక బరువుగా ఉంటుంది కాబట్టి సూటిగా దిగిపోతుంది. ఆ ఫలితాలు 1987లో 'నేచర్' పత్రికలో వచ్చాయి.

అదే ఏడాది అదే పత్రికలో నల్ల సముద్రం నుంచి ఇంకో వ్యాసం వచ్చింది. వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన కెన్ బ్యూసెలర్, ఆయన సహచరులు టర్కీ తీరానికి ఆవల వెయ్యి మీటర్లకు పైగా లోతులో వేసిన ఉచ్చులో 1986లోనే చెర్నోబిల్ జాడలు కనిపెట్టారు. సీరియం, రుథేనియం లాంటివి రేణువులతో త్వరగా దిగాయి. సీజియంలో చాలా భాగం మాత్రం పై పొరల్లో కరిగే ఉండిపోయింది. 

వెయ్యి మీటర్ల కింద ఉన్న నీరు మళ్ళీ పైకి రావడానికి అక్కడ వందల ఏళ్ళు పడుతుంది. అదే లోతుకు రేణువు చేరడానికి వారాలు చాలు. "అడుగు నీరు అంత పాతది కదా, మన చెత్త అక్కడిదాకా చేరదులే" అనుకునేవాళ్ళు నాకు పెద్ద పదవుల్లోనూ తారసపడ్డారు. వాళ్ళకు నేను కోపీపాడ్ల కథే చెబుతూ వచ్చాను.

ఇంకొక విషయం. అది చెర్నోబిల్‌దే అని ఎలా తెలిసింది? అణుబాంబు పరీక్షల నుంచి రాలిన సీజియం-137 అప్పటికే అన్ని సముద్రాల్లోనూ ఉంది. కాని సీజియం-134 అర్ధాయువు రెండేళ్ళ పైచిలుకే. రియాక్టర్ ఇంధనంలో అది తయారవుతుంది, బాంబు ధూళిలో దాని ఊసు ఉండదు. చెర్నోబిల్ ధూళిలో 134 సుమారు 137లో సగం. ఆ నిష్పత్తి కనబడితే ఇక అనుమానం ఉండదు. 2011లో ఫుకుషిమా నీటిని పసిఫిక్‌లో గుర్తుపట్టడానికీ ఇదే ఐసోటోప్ పనికొచ్చింది. అక్కడ రెండూ దాదాపు సమానంగా విడుదలయ్యాయి.

4. ప్రకృతి ముందే వేసిపెట్టిన లెక్క

మనిషి వదిలినవాటికన్నా ముందు నుంచీ సముద్రంలో ఉన్నది యురేనియం. టన్ను సముద్రపు నీటిలో మూడు మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటుంది. అది కరిగే ఉండి, మెల్లగా క్షీణిస్తూ, నిలకడైన వేగంతో థోరియం-234ను పుట్టిస్తుంది. థోరియం-234 అర్ధాయువు 24 రోజులు. రేణువులేవీ లేకపోతే ఆ రెంటి క్రియాశీలత సమానంగా ఉండాలి. రేణువులు ఉంటే థోరియం వాటిని పట్టుకుని దిగిపోతుంది కాబట్టి నీటిలో తక్కువ పడుతుంది. ఎంత తక్కువ పడిందో చూసి, గత కొద్ది వారాల్లో పై నీటి నుంచి రేణువులు ఎంత వేగంగా రాలాయో చెప్పేయవచ్చు. ఉచ్చులు వెయ్యకుండానే తెలిసిపోతుంది. ఇంత పొందికైన పద్ధతి నా శాస్త్రంలో మరొకటి లేదని నా నమ్మకం.

రేడియం-226ది వేరే కాలం, అర్ధాయువు 1,600 ఏళ్ళు. అది ప్రధానంగా అడుగు బురదలోంచి నీటిలోకి ఊరుతుంది కాబట్టి లోతు నీటి నెమ్మది కదలికలకు పనికొస్తుంది. వారాలు కొలిచేదానితో శతాబ్దాలు కొలవకూడదు, శతాబ్దాలు కొలిచేదానితో వారాలు కొలవకూడదు.

యురేనియం ఇంకో పాఠం కూడా చెప్పింది. ఆక్సిజన్ లేని నీటిలో అది ఆరు సంయోజకత రూపం నుంచి కరగని నాలుగు రూపంలోకి మారి రాలిపోవాలని ఉష్ణగతిక లెక్కలు చెబుతాయి. మా తరం అదే చదువుకుంది. నల్ల సముద్రపు లోతు నీటిలో యురేనియం ఉప్పదనాన్నిబట్టి ఉండవలసినదానికన్నా తక్కువే ఉంది, అంతవరకు సరిపోయింది. కాని రాబర్ట్ ఆండర్సన్ బృందం 1989లో ప్రచురించిన కొలతల ప్రకారం సల్ఫైడ్ నిండిన ఆ నీటిలో కూడా మిగిలిన యురేనియం ఆరు రూపంలోనే ఉంది. తగ్గిపోవడం నీటిలో జరగడం లేదు, అడుగున బురదలో జరుగుతోంది. లెక్క ప్రకారం జరగవలసినది నీటిలో జరిగి తీరాలని లేదు. కొలవందే రాయకండి.

5. కొలిచే గదిని ముందు కొలవండి

ఇది చిన్న పాఠం. సీజియం కోసం పదుల లీటర్ల నీటిని వడకట్టి, అమ్మోనియం ఫాస్ఫోమాలిబ్డేట్ మీద పట్టి, జర్మేనియం డిటెక్టర్ ముందు రోజుల తరబడి ఉంచుతాం. బయటి కిరణాలు రాకుండా చుట్టూ సీసపు దిమ్మెలు పెడతాం. సీసంలోనే సీసం-210 ఉంటుంది, అర్ధాయువు 22 ఏళ్ళు. అందుకే వందల ఏళ్ళ నాటి పాత సీసానికి మా లోకంలో అంత గిరాకీ. ఉక్కు విషయంలోనూ అంతే. బాంబులకు ముందు కాలపు ఉక్కు కోసం, 1919లో స్కాట్లండ్‌లోని స్కాపా ఫ్లోలో మునిగిన జర్మన్ యుద్ధనౌకల పలకలను వాడుకున్నారు. ఖాళీ సీసాను కొలవకుండా నిండు సీసాను కొలిచిన విద్యార్థి థీసిస్ మీద నేను సంతకం పెట్టలేదు.

6. సంఖ్య పక్కన సంఖ్య పెట్టండి

సెకనుకు ఒక పరమాణువు క్షీణిస్తే ఒక బెక్వెరెల్. మామూలు సముద్రపు నీటిలో పొటాషియం-40 ఒక్కటే లీటరుకు సుమారు 12 బెక్వెరెల్‌లు, అంటే ఘనపు మీటరుకు 12 వేలు. ఇది భూమి పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. బాంబు పరీక్షల నుంచి మిగిలిన సీజియం-137 ఇవాళ మహాసముద్రాల్లో ఘనపు మీటరుకు ఒకటి రెండు బెక్వెరెల్‌లు. ఒక పత్రిక రెండో అంకెను మాత్రమే పెద్ద అక్షరాల్లో వేస్తే జనం భయపడతారు. ఒక అధికారి మొదటి అంకెను మాత్రమే చెప్పి చేతులు దులుపుకుంటే అదీ అన్యాయమే. ఒంట్లో పొటాషియం ఎంత ఉండాలో శరీరమే చూసుకుంటుంది, ఎక్కువైతే బయటికి పంపేస్తుంది. కొత్తగా వచ్చిన సీజియం ఉన్న మోతాదుకు అదనం. పైగా పొటాషియం పోయే దారినే కండరాల్లోకి చేరుతుంది.

చేపలు తినేవాళ్ళకు సముద్రం నుంచి అందే మోతాదులో పెద్ద వాటా పొలోనియం-210ది, అంటే సహజమైనదే. ఈ మాట చెబితే కొందరు విద్యార్థులు నిరుత్సాహపడతారు. నాకైతే ఇది తెలిసినప్పుడే మిగతా అంకెలు ఎక్కడ నిలబడతాయో అర్థమైంది.

7. బురద దాచుకున్నది మళ్ళీ ఇస్తుంది

బాల్టిక్ లోతు తక్కువ సముద్రం, సగటున 50 మీటర్ల పైచిలుకు. డెన్మార్క్ దగ్గర దాని గడపలు మరీ మెట్ట, డార్స్ దగ్గర 18 మీటర్లు, డ్రొగ్డెన్ దగ్గర 8. నీరు పూర్తిగా మారడానికి దశాబ్దాలు పడుతుంది. 1986లో చెర్నోబిల్ మేఘం నుంచి కురిసిన వాన స్వీడన్, ఫిన్లాండ్ తీరాలను తడిపింది, ప్రపంచంలో సీజియం-137 అత్యధికంగా ఉన్న సముద్రంగా బాల్టిక్ మారింది. ఆ దేశాలు చేసిన మేలు ఏమిటంటే, ప్రమాదానికి ముందే కొలుస్తూ ఉండటం. 1974లో హెల్సింకిలో సముద్ర రక్షణ ఒప్పందం చేసుకున్న దేశాలవి. ఘనపు మీటరుకు సుమారు 15 బెక్వెరెల్‌లు పాత స్థాయి అని వాళ్ళకు తెలుసు కాబట్టే ఎక్కడికి తిరిగి రావాలో తెలిసింది. ఆ స్థాయి దగ్గరకు చేరడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఈలోగా బాల్టిక్ నుంచి బయటికి పోయే నీరే పక్క సముద్రానికి సీజియం సరఫరా చేసే మూలమైంది.

ఐర్లండ్, బ్రిటన్‌ల మధ్య ఉన్న ఐరిష్ సముద్రంలో ఇలా దాచుకున్నది తిరిగి ఇవ్వడం ఇంకా స్పష్టం. సెల్లాఫీల్డ్ అణు కర్మాగారం నుంచి విడుదలలు 1970ల మధ్యలో గరిష్ఠానికి చేరి, తర్వాత బాగా తగ్గాయి. అయినా నీటిలో సీజియం, ప్లూటోనియం ఆ మేరకు తగ్గలేదు. అంతకుముందు బురద పీల్చుకున్నది తిరిగి నీటిలోకి వస్తోంది. గొట్టం కట్టేసిన తేదీనే కాలుష్యం ఆగిన తేదీ అనుకోకూడదు.

8. చలికాలాన్ని నమ్ముకున్న సముద్రం

జపాన్ సముద్రంలో 3,700 మీటర్ల లోతు ఉంది, చుట్టూ ఉన్న జలసంధుల గడపలు మాత్రం 130 మీటర్ల దగ్గరే. అయినా అడుగున ఆక్సిజన్ పుష్కలం. వ్లాదివొస్తోక్ తీరంలో గడ్డకట్టే చలికి నీరు బరువెక్కి దిగుతుంది. ఆ నీటితోపాటు ఇంకేం దిగుతోందని అడగవలసి వచ్చింది, ఎందుకంటే 1993లో రెండు సంగతులు బయటపడ్డాయి. సోవియట్ కాలంలో ఆ సముద్రంలో అణు వ్యర్థాలు పారబోశారని రష్యాయే ఒప్పుకుంది. అక్టోబరులో రష్యా నౌకాదళం ఇంకా సుమారు 900 టన్నుల ద్రవ వ్యర్థాన్ని అక్కడే వదిలింది. జపాన్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. నవంబరులో లండన్ ఒప్పందం దేశాలు రేడియోధార్మిక వ్యర్థాలను సముద్రంలో పారబోయడాన్ని పూర్తిగా నిషేధించాయి. తర్వాత జపాన్, కొరియా, రష్యా శాస్త్రవేత్తలు కలిసి ఒకే ఓడ ఎక్కి కొలిచారు. దౌత్యం మీద నాకు పెద్ద అవగాహన లేదుగాని, ఒకే సీసా నీటిని మూడు దేశాల ల్యాబులు పంచుకోవడం నా దృష్టిలో గొప్ప విషయం.

2000-01 చలికాలం తీవ్రంగా వచ్చినప్పుడు అక్కడ అడుగు నీరు కొత్తగా తయారైంది. వెచ్చని చలికాలాలు వరసగా వస్తే ఆ దిగుడు మందగిస్తుంది. పాత కొలతలతో ఇప్పటి నీటి వయసు చెప్పకండి.

9. అర్ధాయువును నీటి వయసు పక్కన పెట్టండి

సీజియం-137 అర్ధాయువు 30 ఏళ్ళు. 1986లో పడినది 2016 నాటికి సగమైంది. మూడు వందల ఏళ్ళకు వెయ్యో వంతు కూడా మిగలదు. నల్ల సముద్రపు అడుగు నీరు మారడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. కాబట్టి కరిగి ఉన్న సీజియంలో చాలా భాగం అడుగు చేరకుండానే క్షీణించిపోతుంది. ప్లూటోనియం-239కు ఈ లెక్క వర్తించదు, దాని అర్ధాయువు 24,100 ఏళ్ళు. రేణువుల మీద ఎక్కి అడుగు బురదలో కూర్చున్న ప్లూటోనియం, ఆ సముద్రపు నీరు ఎన్నిసార్లు మారినా అక్కడే ఉంటుంది.

ఆ బురద గురించి ఒక్క మాట. ఆక్సిజన్ లేదు కాబట్టి అడుగున పురుగూ పీతా ఉండవు, కెలికేవాళ్ళు లేరు. తెల్లటి, నల్లటి పొరలు పడ్డవి పడ్డట్టే ఉంటాయి. నిలువునా గొట్టం దించి తీసిన బురదలో సీజియం కొలిస్తే 1960ల తొలినాళ్ళ బాంబు పరీక్షలు ఒక పొరలో, 1986 ఇంకో పొరలో కనిపిస్తాయి.

10. మన తీరానికి మన కొలత

బంగాళాఖాతం దక్షిణాన బార్లా తెరిచి ఉంది. మధ్య లోతుల్లో ఆక్సిజన్ బాగా తక్కువైనా అడుగున దక్షిణం నుంచి వచ్చే నీరు ఉంది. నల్ల సముద్రపు అంకెలు తెచ్చి ఇక్కడ అతికించవద్దు. పద్ధతులు మాత్రం తెచ్చుకోండి. అవి మనకు పరాయివి కావు. అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాలయంలో దేవేంద్ర లాల్‌తో కలిసి మన భమిడిపాటి సోమయాజులు గారు, ఎస్. కృష్ణస్వామి గారు సముద్రంలో యురేనియం, థోరియం, వాటి సంతతి మీద ప్రపంచం గుర్తించిన పని చేశారు.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన ఉంది. కట్టాలా వద్దా అన్నది ప్రజలూ ప్రభుత్వమూ తేల్చుకోవాలి. మన పని కట్టకముందే కొలవడం. ఉత్తరాంధ్ర తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది, దానిలో థోరియం ఉంది. ఆ సహజ స్థాయి ఎంతో ఇప్పుడు రాసిపెట్టకపోతే, రేపు ఎవరు ఏ అంకె చూపించి ఏమన్నా కాదనడానికి మన దగ్గర ఏమీ ఉండదు. నీరు, బురద, మత్తగిడస, రొయ్య, కవ్వళ్ళు, అన్నీ రుతువు రుతువుకూ తీయండి. సీజియం-137, స్ట్రాన్షియం-90, పొలోనియం-210, రేడియం ఐసోటోపులు, ట్రిటియం విడివిడిగా కొలవండి. సీసా మీద తీసిన తేదీ, గంట, లోతు పెన్సిల్‌తో రాయండి, ఇంకు నీటికి చెరిగిపోతుంది. కొలిచాక మిగిలిన బురదను ఆరబెట్టి, సీలు వేసి, రెండు వేరువేరు ఊళ్ళలో దాచండి. అంకెలను ఆ తీరపు మత్స్యకార సంఘాలకు తెలుగులో అందించండి.